కెప్టెన్ కిడ్ వేషం కట్టిన కిషన్‌రావు

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో పేదలకు చవగ్గా అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్ల ఆఫీసులో పనిచేసే కిషన్‌రావుకు రోజంతా ఫోన్లో అద్దెకున్నవాళ్ల గోడు వినడమే ఉద్యోగం. ఇల్లు వెచ్చబరిచే బాయిలర్ చెడిపోయిందనేవాళ్లకీ, గోడకు బూజు పట్టిందనేవాళ్లకీ ఒకే నెమ్మదితో జవాబు చెప్పేవాడు. సిద్దిపేట నుంచి వచ్చి ఇక్కడే తల నెరిసింది గానీ, ఎవరి మీదా గొంతు లేపి ఎరగడు. అలాంటివాణ్ణి పట్టుకుని, చర్చి హాల్లో నాటకాలాడించే హెలెన్ అనే పెద్దావిడ సముద్రపు దొంగ కెప్టెన్ కిడ్ వేషం వేయమంది. వేయాల్సినతను కాలు విరగ్గొట్టుకున్నాడట. కాదనడం చేతకాక కిషన్‌రావు సరేనన్నాడు.

ఒప్పుకున్నాక ఆ మనిషి ఎవరో తెలుసుకుందామని కూర్చుంటే, చదివినకొద్దీ చిక్కుముడి బిగిసింది. మూడు వందల ఏళ్ల కిందట, సముద్రపు దొంగల్ని పట్టుకురమ్మని ఆ స్కాట్లాండు నావికుణ్ణి రాజుగారే పంపారు. ఖర్చు దొరలు పెట్టుకున్నారు. దొంగలు దొరకలేదు. దోపిడీలో వాటా తప్ప జీతం లేని నావికులు సణగడం మొదలుపెట్టారు. మాటామాటా పెరిగి కిడ్ ఒకణ్ణి ఇనుప పట్టీల బకెట్టుతో తలమీద కొడితే వాడు చచ్చాడు. తర్వాత మన మలబారు తీరం దగ్గర, బెంగాల్ నుంచి సూరత్ వెళ్తున్న పట్టుబట్టల ఓడను పట్టేశాడు. అది ఇంగ్లండుకు శత్రువులైన ఫ్రెంచివాళ్ల అండతో నడిచే ఓడ, చట్టప్రకారమే పట్టానన్నాడు. అయినా దొంగేనని అతన్ని బంధించారు. లండన్‌లో దొరలు మొహం చాటేశారు. కిడ్‌ను ఉరి తీశారు. తాడు తెగి కిందపడితే, లేపి మళ్లీ తీశారు.

"పుష్పా, గీ కిడ్ అనెటోడు దొంగనా, కాదా?" అని వంటింట్లో ఉన్న భార్యను అడిగాడు.

"దొరికినోడు దొంగ, దొరకనోడు దొర," అంది పుష్పలీల చపాతీ తిప్పుతూ.

"మన దిక్కు ఓడ దోసుకున్నడు గదా?"

"అయితే దొంగనే."

"రాజు పంపితేనే వచ్చిండు గదా?"

"అయితే కాదు. మీరు ముందు తినుండ్రి."

హెలెన్‌ను అడిగితే, "అవన్నీ ఎందుకు కిషన్? గట్టిగా అరిస్తే చాలు," అంది. అరవడం నేర్చుకున్నాడు గానీ, దొరల మీద అరుస్తున్నాడో, నావికుల మీద అరుస్తున్నాడో, తన మీద తనే అరుచుకుంటున్నాడో అతనికే అంతుపట్టేది కాదు.

నాటకం రోజు హాలు నిండింది. కోర్టు సీన్లో జడ్జి వేషగాడు "నేరం ఒప్పుకుంటావా?" అని అడిగాడు. నిర్దోషినని గర్జించాలి. కిషన్‌రావు నోరు తెరిచాడు. సరుకు పోగొట్టుకున్నవాళ్లు గుర్తొచ్చారు. బకెట్టు దెబ్బ తిన్నవాడు గుర్తొచ్చాడు. మొహం చాటేసిన దొరలూ గుర్తొచ్చారు. జడ్జి మళ్లీ అడిగాడు.

"నాకు తెలియడం లేదండీ," అన్నాడు కిషన్‌రావు నెమ్మదిగా.

జడ్జి తడబడి, శిక్ష మాత్రం రాసున్నది రాసున్నట్టే చదివేశాడు.

తెర పడ్డాక హెలెన్ వచ్చి, రేపటి ఆటలోనూ అలాగే అనమంది. దాంతో అతనికి ఉన్న మతీ పోయింది.

"మాట మరిచిన్రా?" అని మెట్రోలో అడిగింది పుష్పలీల.

"మరవలే. నోట్లనే ఉండె. చెప్తే అబద్ధమైతదేమో, చెప్పకపోతే పాపమైతదేమో అనిపించింది."

పుష్పలీల అతని చెంపమీద మిగిలిన రంగును చున్నీ అంచుతో తుడిచింది. "రేపేమంటరు మరి?"

కిషన్‌రావు రెండు జవాబులూ పెదవులతోనే పలికి చూసుకున్నాడు. తలుపులు మూసుకుని రైలు కదిలాక గానీ, అప్పటిదాకా ఆగింది తాము దిగాల్సిన స్టేషన్లోనేనని ఇద్దరికీ తట్టలేదు.