అవ్వ నొసట ఇటలీ గుర్రాలు

శవయాత్రను నడిరోడ్డు మీద ఆపించిన మనవడు ఐరాల చుట్టుపక్కల నేనొక్కడినే అనుకుంటాను. ఎలా ఆపించానో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. పాడె మీదున్నది మా అవ్వ. ఆమే ఈ కథ వినుంటే మీకంటే ముందు నవ్వేది.

మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా ఇటలీ దాకా పోయి ఒక వెండి బిళ్ళ తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. ఆయన తనంతట తాను ఆమెకు ఇచ్చింది అదొక్కటే. "నేను పోతే నొసట రూపాయి బిళ్ళ పెట్టొద్దండి. మీ తాత బిళ్ళే పెట్టి పంపించండి" అని అవ్వ మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది.

అప్పటికి నేను నాణేల మీద రెండు పుస్తకాలు చదివి ఉన్నాను. రెండే చదివినవాడు చాలా ప్రమాదకరమైన మనిషి.

పాడె ఎత్తగానే నొసటి మీది బిళ్ళ జారింది. "నీ దగ్గర పెట్టుకోరా, ఊరి చివర దించినప్పుడు అంటిద్దాం" అని మామ నా చేతికిచ్చాడు. దారంతా బొరుగులూ చిల్లరా చల్లే పని కూడా నాదే. ఎడమ చంకలో బొరుగుల సంచి, చల్లే కుడి చేతిలోనే ఇటలీ.

"ఇంతకీ ఈ మీసాలాయన ఎవురప్పా?" అన్నాడు మామ.

అడగకుండా ఉండాల్సింది.

"ఇటలీ రాజు మామా. మిలిటరీ కోటు ఏసుకోనుండాడు సూడు."

"ఎనక పక్క?"

"నాలుగు గుర్రాల రథం. దాంట్లో నిలబడుండేది ఇటలీ దేశమే, ఆడమనిషి రూపంలో. ఒక చేతిలో ఆలివ్ కొమ్మ, అంటే శాంతి. ఇంగో చేతిలో డాలు."

"శాంతి అనేదానికి డాలెందుకురా?"

"ఎదుటోడు ఒప్పుకోకపోతే?"

"మీ అత్త మాదిరే ఉండాదే!"

తప్పెట్ల మోతలో మామకు సగమే వినబడుతోంది. నేను గొంతు పెంచాను. తప్పెట్లవాళ్ళూ పెంచారు. బస్టాండు చేరేసరికి నేను పూర్తిగా ఇటలీలో ఉన్నాను.

"గుర్రాల కాళ్ళు సూడు మామా! ఆ ఊపు సూడు!" అంటూ, ఊపంటే ఏమిటో చూపించడానికి చెయ్యి విసిరాను.

బొరుగులూ, చిల్లరా, ఇటలీ రాజ్యమూ కలిసి గాల్లోకి లేచాయి.

"మామా... బిళ్ళ."

"యాడ?"

"ఆడ."

పాడె దించారు. తప్పెట్లు ఆగాయి. బంధువులంతా పంచెలు ఎగగట్టి రోడ్డు మీద వంగారు. కాణిపాకం బస్సు వచ్చి ఆగి, హారన్ కొట్టి, సంగతి తెలిశాక డ్రైవరు కూడా దిగి వెతికాడు. బొరుగుల్లో ఏది మెరిసినా రూపాయే. చివరికి రూపాయితోనే అవ్వను పంపించాలేమో అనుకునేసరికి, తారు మీద మోకాళ్ళతో పాకుతున్నవాణ్ణి పాకుతూనే ఏడ్చాను.

బస్టాండులో గరిక మాలలు అమ్మే ఆమె లేచి వచ్చింది. "ఇదేనా సూడండబ్బా. నా గంపలో పడినాది."

"మాదేనని నీకెట్ట తెల్సు?" అన్నాడు మామ.

"ఒక పక్క మీసాలాయన, ఇంగో పక్క నాలుగు గుర్రాలు, కొమ్మ పట్టుకున్న ఆడామె. మీవోడు తప్పెట్లను మించి అరస్తా వచ్చినాడు గదా, బస్టాండంతా ఇనింది."

ఊరి చివరిదాకా సాగనంపే ఆడవాళ్ళలోంచి అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది.

"చిన్నవ్వా, రథం పక్క పైకి పెట్టాలంటే, గుర్రాలు ఎటు..." అని మొదలుపెట్టాను.

ఆమె నా చేతిలోంచి బిళ్ళ లాక్కుంది. ఏ పక్కో కూడా చూడలేదు. తడి గంధం పూసి అవ్వ నొసట గట్టిగా అదిమి, చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, ఇంగ పోదాం పా. వీడు ఇంగ మాట్లాడడులే."

ఆ తర్వాత కాసేపటిదాకా పాడె ఎత్తడం ఎవరివల్లా కాలేదు. మోసేవాళ్ళు నలుగురూ నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు.

అందుచేత పదిమంది ముందు ప్రమాణం చేస్తున్నాను. బొరుగులు చల్లే చేత్తో ఇక బొరుగులే పట్టుకుంటాను. ఏ దేశపు రాజు గురించీ శవయాత్రలో నోరు విప్పను. అది నా సొంత శవయాత్రే అయినా సరే.