ముళ్ళు గీకేసిన సొరచేప

రావిర్యాల దగ్గరి ఫైబర్ బొమ్మల షెడ్డులో పనిచేసిన రోజుల్లో, మా మేస్త్రి మొహం చూస్తేనే నాకు అన్నం సయించేది కాదు. కోస్తా మనిషి. సముద్రం తన పెరట్లోనే పుట్టినట్టు మాట్లాడేవాడు. తాను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఎయిర్‌పోర్టు దారిలో పెట్టబోయే చేపల ప్రదర్శనకు రెండు ఏంజెల్ షార్కుల బొమ్మలు అడిగారు. ఇసుకలో బల్లపరుపుగా పడుకునే సొరచేపలవి. రెండూ అక్కాచెల్లెళ్ళలాగే ఉంటాయి. కానీ ఒకదాని వీపు నున్నగా ఉండి, ఒంటి మీద కళ్ళలాంటి మచ్చలుంటాయి. రెండోదానికి వీపు నడిమధ్యన ముళ్ళ వరుస. ఆ ముళ్ళది నాకిచ్చారు. అది కుదిరితే ఇక నేను రోజూ చేసే గీకుడు పని తప్పించి, బొమ్మలు చేయనిస్తామన్నారు. ఒక్కో ముల్లూ చేత్తో చేసి అతికించాను.

మా పనిలో ఒక అలవాటుంది. అచ్చు రెండు ముక్కలు కలిసినచోట బొమ్మ మీద గీత లేస్తుంది. అది కనబడితే చాలు, మిషన్ పెట్టి గీకేస్తారు. ఒక పొద్దున వెళ్ళేసరికి నా చేప వీపు బోడిగా ఉంది. కింద తెల్లటి పొడి. మేస్త్రి నా ముళ్ళ వరుసను అతుకు గీత అనుకుని గీకిపడేశాడు!

నాకు ఒళ్ళు మండిపోయింది. "గిదేంది సార్? గోడకు చేప ఫొటో ఉన్నది గద, కండ్లు వొయినయా?"

"సముద్రం మొహం చూడనిదానివి, నువ్వు నాకు చెప్పొచ్చావా? సొరచేపకు వీపున ముళ్ళేంటి?"

మళ్ళీ పెట్టే వ్యవధి లేదు. రంగులూ మచ్చలూ ఇంకా వేయకముందే, మధ్యాహ్నమే ప్రదర్శన వాళ్ళ మనిషి చూడడానికి వచ్చాడు. "రెండూ ఒకేలా ఉన్నాయే?" అన్నాడు.

"జంటండీ. ఒకటి ఆడ, ఒకటి మగ," అన్నాడు మేస్త్రి తడుముకోకుండా. సిగ్గులేని జన్మ!

"అబద్ధం సార్! అవి యేరే యేరే జాతులు. దీనికి నేను ముళ్ళు వెట్టిన, గీయన గీకేసిండు."

వచ్చినాయన వాచీ చూసుకున్నాడు. "చూసేవాళ్ళకేం తెలుస్తుందమ్మా? జంటే బాగుంది."

ఆయన కారెక్కగానే మేస్త్రి నవ్వుతూ నా చేతికి కుంచె ఇచ్చాడు. "బోర్డులు రాసెయ్. ఆడ, మగ."

కుంచె ఆయన కాళ్ళ ముందు విసిరికొట్టి ఇంటికి వచ్చేశాను.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "చేప ముళ్ళ కోసం ఎవరన్న నౌకరి ఇడిసిపెడ్తరా బిడ్డా?"

"ముళ్ళ కోసం గాదమ్మా. నేను చేసింది నాశనం చేసినోడు, ఆ అబద్ధం మళ్ళ నా చేతులతోనే రాయమన్నడు."