ఫ్లయింగ్ రద్దయిన ఉదయం

జనవరి, మూడో ఆదివారం, ఘాజియాబాద్. పొద్దున దట్టమైన మంచు, మధ్యాహ్నం పలచని ఎండ, సాయంత్రానికి పడమటి నుంచి కొంచెం గాలి. మా ఇంట్లో ఒక అబ్బాయి ఏడాది జ్ఞాపకార్థ కూడిక. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా మనవరాలు, ఆ అబ్బాయి తల్లి, ఆవిడ చర్చి పాస్టరుగారు, ఆవిడతో ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్లు ఇద్దరు.

డైరీలో ఇంతవరకూ రాసి, అలవాటు కొద్దీ కింది వరుసలో "రానివారు" అని కూడా రాశాను. వైమానిక దళంలో వాతావరణ పరిశీలకుడిగా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. తేదీ, గాలి, ఎండ, వచ్చినవారు, రానివారు. పెళ్ళయినా తద్దినమైనా నా డైరీలో ఈ వరసే. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఒక పేజీ చదివి, "నా గురించి రాశారేమో అనుకున్నాను, గాలిలో తేమ గురించి రాసుకున్నారు" అని మళ్ళీ దాని జోలికి రాలేదు. ఆ ఆదివారం మాత్రం "రానివారు" అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. కొట్టెయ్యడానికీ చెయ్యి రాలేదు. ఆ వరస ఇప్పటికీ అలాగే ఖాళీగా ఉంది.

మా అల్లుడు సైన్యంలో పనిచేస్తాడు. అతనూ మా అమ్మాయీ సరిహద్దు దగ్గర కంటోన్మెంటులో ఉంటే, మనవరాలు చదువు కోసం మా దగ్గర చేరింది. ఢిల్లీ కాలేజీలో బి.ఎస్సీ.లో చేరిన నెలలోనే విమానం నడపడం కూడా నేర్చుకుంటానంది. డిగ్రీ అయ్యాక నేర్చుకోవచ్చు కదే అంటే, "అప్పటికి నేను బూఢీ అయిపోతా తాతయ్యా" అంది, నా నెరిసిన తల వంక చూస్తూనే. అలా రెండూ మొదలయ్యాయి. వారంలో మూడు రోజులు తెలతెలవారుతుండగానే ఫ్లయింగ్ స్కూలు వ్యాను వచ్చి హైవే మలుపులో ఎక్కించుకునేది. ఎగిరి, దిగి, మళ్ళీ వ్యానులో వచ్చి, మెట్రోలో నిలబడే కునుకు తీసి కాలేజీకి చేరేది. ఒకసారి క్లాసులో హాజరు పిలుస్తుంటే "ప్రెజెంట్ సర్" అనడానికి బదులు తను నడిపే విమానం నంబరు చెప్పిందట. క్లాసంతా నవ్విందని చెబుతూ తనూ నవ్వింది, అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయింది.

ఆ స్కూల్లోనే పరిచయమయ్యాడు ఆ అబ్బాయి. గుంటూరు వైపువాళ్ళు. తండ్రి లేడు, తల్లి ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతూ మా పిల్లలాగే పొద్దున్నే ఎగిరేవాడు. ఫ్లయింగ్ ఉన్న రోజుకి ముందు సాయంత్రం మోటారు సైకిలు మీద మా ఇంటికి వచ్చేసేవాడు. హాల్లో దివాను మీద పడుకుని, తెల్లారి ఇక్కణ్ణుంచే బయల్దేరేవాడు. మా ఆవిడ అతన్ని "నర్సుగారబ్బాయి" అనేది. తొలినాళ్ళలో మొహమాటానికి రెండు దోసెలు తిన్నవాడు, నెల తిరక్కుండానే పిండి ఎంత ఉందో వంటింట్లోకి వెళ్ళి చూసుకుని మరీ కూర్చునేవాడు.

ఎగరడం నేర్చుకునేవాళ్ళు ఇంట్లో కుర్చీలో కూర్చుని కూడా సాధన చేస్తారని అప్పుడే తెలిసింది నాకు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు రెండు టీవీ ఎదుట పక్కపక్కన వేసుకునేవారు. ఎడమ కుర్చీ అబ్బాయిది, కుడిది మా మనవరాలిది. చేతుల్లో స్టీలు పళ్ళేలు, అవే విమానాన్ని తిప్పే చక్రాలు. కళ్ళు మూసుకుని, ఎప్పుడు ఏ మీట నొక్కాలో, ఎక్కడ మలుపు తిప్పాలో పైకి చెప్పుకుంటూ గాలిలో చేతులు కదిపేవారు. నేలమీంచి అనుమతులిచ్చే కంట్రోల్ టవర్ ఉద్యోగం వంటింట్లో ఉన్న మా ఆవిడకి ఇచ్చారు.

"టవర్ అమ్మమ్మగారూ, దిగొచ్చా?" అని అరిచేవాడు అబ్బాయి.

"ఇంకో దోసె పెనం మీదుంది. ఓ చుట్టు తిరిగి రా."

"పెట్రోలు అయిపోయిందండీ!"

"మరి పోయించుకోకుండా ఎందుకు బయల్దేరావు? సర్లే, దిగు నాయనా. మెల్లిగా దిగు. బల్లకి తగిలిస్తావు."

నా ఉద్యోగం డాబా మీద. కనుచూపు ఎంత దూరం ఆనుతోందో చెప్పడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దూరం ముందే తెలిసిన గుర్తులు కొన్ని పెట్టుకుంటాం. పక్క సొసైటీ వాటర్ ట్యాంకు, దాని వెనక మొబైల్ టవరు, ఆ వెనక ఇటుకల బట్టీ పొగగొట్టం. వాటిలో ఏది కనపడుతోందో, ఏది మంచులో కలిసిపోయిందో చూసి చెప్పెయ్యవచ్చు. ఏరోడ్రోమ్ దగ్గర వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది, నా మాటతో పనిలేదు. అయినా మనవరాలు బూట్లు వేసుకుంటూ కిందనుంచి కేకేసేది: "తాతయ్యా, టంకీ దిఖ్ రహీ హై క్యా?" ట్యాంకు కనపడుతోందంటే గంతేసేది. లేదంటే మూతి ముడుచుకునేది. రిటైరయ్యాక నా మాట కోసం ఎవరైనా ఎదురుచూడటం నాకు సంతోషంగా ఉండేది.

అబ్బాయి తల్లికీ ఒక ఏర్పాటుండేది. ఆవిడది ఎక్కువగా నైట్ డ్యూటీ. పొద్దున క్వార్టర్సుకి వచ్చాక, కొడుకు ఎగిరే రోజయితే పడుకునేది కాదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చునేది. దిగాక "దిగాను" అని మెసేజ్ పెట్టేవాడు. మంచు వల్ల స్కూలువాళ్ళు ఆపేస్తే "ఫ్లయింగ్ క్యాన్సిల్" అని పెట్టేవాడు. రెండింటిలో ఏది వచ్చినా ఆవిడకి నిద్ర వచ్చేది. ఒకసారి మా ఆవిడతో ఫోనులో, "క్యాన్సిల్ అన్నరోజు ఇంకా బాగా పడుతుంది వదినగారూ నిద్ర" అందట.

కిందటేడు ఆ జనవరి ఉదయం నాకు ట్యాంకు కూడా కనపడలేదు. అప్పటికే ఇద్దరూ ఏరోడ్రోమ్‌కి వెళ్ళిపోయారు. "ఇవాళ ఎగరరు" అని మా ఆవిడతో అన్నాను. "అమ్మయ్య" అని ఆవిడ పప్పు నానబోసుకుంది. అక్కడా అంతే, ఫ్లయింగ్ ఆపేశారని అబ్బాయి తల్లికి మెసేజ్ పెట్టాడు. వ్యానులో వచ్చినవాళ్ళు మంచు విడుతుందేమోనని అక్కడే కూర్చున్నారు. అబ్బాయికి బండి ఉంది. పైగా అటెండెన్స్ తక్కువైందని కాలేజీవాళ్ళు తల్లిని పిలిపించి ఎన్నో రోజులు కాలేదు. "నువ్వు ఆకాశం చూస్కో, నేను అటెండెన్స్ చూస్కుంటా" అని మా పిల్లతో చెప్పి బయల్దేరాడు.

హైవే మీద మంచులో ఆగి ఉన్న లారీని ఒక కారు గుద్దింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక ఇంకోటి. ఆ వరసలో అతని మోటారు సైకిలు.

మేమందరం మంచుని ఆకాశానికి సంబంధించిన సంగతిగానే చూడటం నేర్చుకున్నాం. నేను డాబా మీద, తల్లి ప్రార్థనలో, స్కూలువాళ్ళు వాళ్ళ పరికరాల దగ్గర. విమానం ఎగరకపోతే పిల్లలు క్షేమం అనుకున్నాం. రోడ్డు మాట ఎవరికీ తోచలేదు.

అక్కడ, మధ్యాహ్నం కావస్తుండగా మంచు విడింది. ఇన్‌స్ట్రక్టరు మా మనవరాలితో ఒక చుట్టు తిరిగి వచ్చి, తను దిగిపోయి, ఈసారి ఒక్కదానివే వెళ్ళిరమ్మన్నాడు. పక్కన గురువు లేకుండా ఎగిరే ఆ మొదటి సోలో ఎవరికైనా ఒక్కసారే వస్తుంది. వెళ్ళింది, బాగా దిగింది. ఆనవాయితీ ప్రకారం తోటివాళ్ళు బకెట్లతో నీళ్ళు గుమ్మరించారు. తడి బట్టలతో, వణుకుతూ నవ్వుతూ ఉండగా నా ఫోను వెళ్ళింది. ఆసుపత్రినుంచి తల్లికంటే ముందు మాకే కబురు వచ్చింది. అతని ఫోనులో చివర మాట్లాడిన నంబరు మా ఇంటిది.

ఆ తరవాత పిల్ల మళ్ళీ ఏరోడ్రోమ్‌కి వెళ్ళలేదు. కాలేజీ ఒక్కటే. ఆ తల్లికీ ఎదురుపడలేదు. ఆవిడ మా ఇంటికి వస్తున్నారంటే ఆ రోజు ల్యాబు ఉండేది. కుర్చీలు మళ్ళీ బల్ల దగ్గరికి చేరాయి గాని, ఆ ఎడమ కుర్చీలో మేమెవరం కూర్చోవడం మానేశాం. అలా అని ఎవరమూ అనుకోలేదు. ఒకనాటి సాయంత్రం నేను హాల్లో పేపరు చూస్తుంటే, వంటింట్లోంచి మా ఆవిడ "దిగు నాయనా" అంది, మామూలు గొంతుతో, దోసె తిరగేస్తూ. హాల్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆవిడ తన మాట తనే విని పొయ్యి ఆపేసింది. నేను విననట్టే పేపరు తిప్పాను. ఆ పిలుపు నాకూ వినపడిందని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఈ జనవరిలో ఫ్లయింగ్ స్కూలునుంచి కబురొచ్చింది, నెలాఖరులోగా వస్తే సరి, లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని. పిల్ల ఔననలేదు, కాదనలేదు. ఆ వారంలోనే అబ్బాయి తల్లి ఫోను చేసింది. "అన్నయ్యగారూ, ఏడాది కూడిక మీ ఇంట్లో పెట్టుకోవచ్చా? మావాడు ఎక్కువ నవ్విన ఇల్లు అదే" అంది. ఈసారి ల్యాబు ఉందనడానికి లేదు, ఆదివారం.

ప్రార్థన అయింది, టీలు అయ్యాయి. పాస్టరుగారూ సిస్టర్లూ చీకటి పడకముందే బయల్దేరారు. అబ్బాయి తల్లి ఉండిపోయింది. అలసటగా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఎడమ కుర్చీయే.

"ఈడనేనంటగా మీరిద్దరూ కళ్ళు మూసుకుని ఇమానం తోలేది?" అంది మనవరాలితో. "మావాడు ఎట్టా చేసేవాడో ఒకసారి చూపిచ్చమ్మా."

పిల్ల కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, ఆ రోజు నేను ఎగిరాను."

"ఏ రోజు?"

"అదే రోజు. తర్వాత మంచు పోయింది. నా ఫస్ట్ సోలో. నాకు తెలీదు ఆంటీ, సచ్చీ, నాకు తెలీదు."

పిల్ల ఆగకుండా చెప్పుకుపోయింది. అంతవరకూ మాకు తెలుసు. ఆ తరవాత చెప్పింది మాకూ తెలియదు.

"పైనుంచి హైవే కనపడింది. బళ్ళన్నీ ఆగిపోయున్నాయి, చాలా దూరం దాకా. ఎందుకో అనుకోలేదు. చిన్నచిన్న బొమ్మల్లాగా ఉన్నాయి. క్యూట్‌గా ఉన్నాయనుకున్నా. నవ్వాను కూడా. ఇప్పుడు కళ్ళు మూస్తే అవే కనపడతాయి ఆంటీ. ఆ బళ్ళే."

ఆవిడ లేచి వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. మా ఆవిడ తువ్వాలు పట్టుకుని సగం దారిలో నిలబడిపోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆ తల్లి మొహం తుడుచుకోలేదు.

"నువ్వు ఎగిరేటప్పటికి నేనేం జేస్తన్నానో తెలుసా? నిద్రపోతన్నా. క్యాన్సిలని పెట్టాడుగా. దేవుడికి తోత్రం చెప్పుకుని, కర్టెన్లేసుకుని పడుకున్నా. మీ తాతయ్యగారు ఫోన్ జేస్తే, నిద్ర చెడగొట్టారని ఇసుక్కుంటా ఎత్తాను." మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. "నువ్వు నవ్వినందుకు నిన్నేమన్నా అనాలంటే, నిద్రపోయినందుకు ముందు నన్ననుకోవాల."

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఏడాదిగా మేం చూడని ఏడుపు.

"ఎంత దూరాన ఉన్నావు? వాడున్న చోటికి?"

"దగ్గరే ఆంటీ. పక్కగా, పైన."

"సరే" అంది ఆవిడ. "మేమెవరం లేము. నువ్వన్నా పైనున్నావు." ఆ మాట అంటూ ఆవిడ పిల్ల వంక చూడలేదు. అది క్షమించడమో, ఇంకేదైనానో నాకు తెలియదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మాత్రం ఇంకోమాట అంది. "ఇమానం తోలితే తోలు, మానితే మాను, నీ ఇష్టం. తోలితే మాత్రం నాకు మెసేజులు పెట్టమాక. దిగాననీ వద్దు, క్యాన్సిలనీ వద్దు. ఇంట్లో కాలు పెట్టినాక ఫోన్ జెయ్యి."

ఆ రాత్రి పడమటి గాలి హెచ్చింది. మర్నాడు పొద్దున మంచు లేదు. నేను లేచేసరికి పిల్ల హాల్లో బూట్లు వేసుకుంటోంది. ఏడాది విరామం కనక ముందు ఇన్‌స్ట్రక్టరుతో కలిసే ఎగరాలని, ఇవాళ ఎగరనిస్తారో లేదో కూడా తెలియదని చెప్పింది. నేను డాబా ఎక్కలేదు, తనూ అడగలేదు. హైవే మలుపు దాకా తోడు వెళ్ళాను. వ్యాను ఎక్కింది. డ్రైవరుతో "భయ్యా, ఆరామ్ సే" అన్నాను, మెల్లిగా పోనివ్వమని. అతను "జీ అంకుల్" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"ఎళ్ళిందా అన్నయ్యగారూ?"

"వెళ్ళిందమ్మా. డ్యూటీ దిగి వచ్చావా? కాసేపు పడుకో."

"అది ఇంటికొచ్చినాక పడుకుంటాను" అంది.

మా ఆవిడ నా పక్కన కూర్చుంది. ఏడాదిగా ఆ ఒక్క ఉదయమే మా రెండిళ్ళలోనూ నడుస్తోంది. ఆ సోమవారంతో, ఇన్నాళ్ళకి, ఆ ఉదయానికి మర్నాడు మొదలైనట్టనిపించింది.