డోడోకు మేత దండుగ

ఎవరన్న ఆ డైనోసార్ల ఆట పేరెత్తితే చాలు, ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది.

గల్ఫ్‌ల, నయీమ్ అనే బస్తీల మేం నలుగురం ఒక్క రూముల ఉంటుంటిమి. ముగ్గురం సల్మాబాద్ గ్యారేజీలల్ల పనిచేసేటోల్లం. నాలుగాయనను కాకా అని పిలుస్తుంటిమి, మా పక్కూరాయన, బిల్డింగులకాడ మేస్త్రి. శుక్రవారం వంట కాంగనే మేం ముగ్గురం ఫోన్లు వట్టుకొని ఆ ఆటకు కూసుంటుంటిమి. అండ్ల అడవి జంతువులను కొట్టి పడగొట్టాలె, మేత వెట్టి మచ్చిక చేసుకోవాలె. అటెన్క అవి మన సామాను మోస్తయి, మన దిక్కు కొట్లాడుతయి. గని దొరికినయన్ని పెంచితే మేత తెచ్చుడుకే పానం పోతది. అందుకే ఏవి పెంచొద్దో నేనే చెప్తుంటి. సంచిల చెయ్యివెట్టి ఎత్కపోయే దొంగ బల్లి వద్దు. ఉన్న మాంసమంత మింగి మూలకు పండేది వద్దు. డోడో అయితే అసలే వద్దు.

డోడో అంటే ఎగరరాని లావు పక్షి. కాక ఆడకపోతుండె, పక్కపొంటి కూసొని చూస్తుండె. డోడో కనవడితే, "అరే, కోడి లెక్కుందిరా, పాపం, దాన్ని ఉంచుండ్రి" అనేటోడు.

"దానికి మేత దండుగ కాకా. మొయ్యది, కొట్లాడది" అని నేను నవ్వేటోన్ని.

గిట్లుండంగ కాక పనికాడ పైకెల్లి పడి నడుము విరగ్గొట్టుకున్నడు. కంపెనీ నౌకరి ఖలాస్ అన్నది. ఇంటికి పోయే కాయితాలు అయ్యేదాక రూములనే ఉండాలె. మా తాన రోజుకొకరిది వంట వంతు. కాక వంగలేడు, అన్నం గంజు ఎత్తలేడు. వంతు ఎగ్గొట్టినట్టు ఉండొద్దని మంచంల ఒరిగి అందరి వంతులకూ ఉల్లిగడ్డలు తనే కోసిస్తుండె.

ఒక శుక్రవారం ఆట నడుమ, మా ముగ్గురిట్ల ఒకడు, వెల్డరు, "అన్నా, డోడోకు మేత దండుగని నువ్వే అంటివి గదా. మరి రూముల డోడోను ఎన్ని దినాలు మేపుదాం?" అన్నడు. కాక మంచం దిక్కు చూసుకుంటనే అన్నడు.

"పండ్లు రాలగొడ్త బిడ్డా! ఆట రూలు ఆటల. ఈడికొచ్చి డ్యూటీ దొరకక నువ్వు బిక్కమొగమేసుకొని కూసున్నప్పుడు నీకు వండివెట్టింది ఎవడురా? తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవా?" అని వాని మీదికి లేచిన.

"మస్కిరికి, నవ్వులాటకు అన్న అన్నా!"

ఏం మస్కిరి? సిగ్గుండాలె! మూడోడు ఫోన్ల తల వెట్టి, ఇన్నట్టే లేడు. వాని మీద గూడ నాకు గంతే కోపమొచ్చింది. కాక గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

తెల్లారి డ్యూటీ దిగి వచ్చేసరికి కాక పరుపు చుట్టి ఉన్నది. బ్యాగు లేదు. ఫోన్ చేస్తే, సల్మాబాద్‌ల మనోల్ల లేబర్ క్యాంపుకు వచ్చిన అన్నడు.

"నేనొచ్చి తీస్కొస్త కాకా."

"వద్దు బిడ్డా. ఈడ బాగనే ఉన్న."

విరిగిన నడుముతోని ఆ బ్యాగు ఎట్ల మోసిండో, మెట్లు ఎట్ల దిగిండో! ఆ వెల్డరు గొంతు పిసుకుదామనిపించింది.

వంటింట్ల స్టీలు గిన్నెల ఉల్లిగడ్డలు కోసి, మూతవెట్టి పోయిండు కాక. ఆ పూట వంతు వెల్డరుదే. వాడు మూత తీసిండు, ఆ ఉల్లిగడ్డలనే నూనెల ఏసి కూర వండిండు.

"అన్నా, చల్లగైతది, తిందాం రా" అని నన్ను పిలిచిండు గూడ.