గుమ్మి అడుగు జొన్నలు

మా ఇంట్లో గాయాలకు విచారణ ఉండేది కాదు. పసుపు ఉండేది. అన్న బొంగరం ములికి నా పాదంలో దిగినా, నేను విసిరిన రాయికి అన్న నొసలు చీలినా బాపు లేచి వచ్చేవాడు కాదు. వాకిట్లో కూర్చుని తాడు పేనుకుంటూ, "పసుపు అద్దుకోపోండ్రి. లగ్గం నాటికి మానుతది తీ" అనేవాడు. ఎవరు ముందు కొట్టారు, ఎందుకు కొట్టారు అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఎంత శాంతమయ్యా నీకు అని ఊరంతా ఆయన్ను మెచ్చుకునేది. మెచ్చుకోరూ మరి, వాళ్లకేం పోయింది. అన్నతో ఒకే ఇంట్లో బతకాల్సింది నేను.

మా చెలకలో పండిన జొన్నలు గుమ్మిలో పోసేవాళ్లు. వెదురు దబ్బలతో అల్లి, లోపలా బయటా పేడతో అలికిన పెద్ద గాదె అది. మనిషి కంటే ఎత్తు, మూతి దగ్గర సన్నం. కొత్త పంట ఇంటికి రాకముందే అడుగున మిగిలిన పాత జొన్నలు ఎత్తి, లోపల ఊడ్చి పెట్టాలి. పెద్దవాళ్లు ఆ మూతిలో పట్టరు. అందుకని ఇంట్లో సన్నగా ఉన్న పిల్లను దింపుతారు. మా ఇంట్లో ఆ భాగ్యం నాది. అన్న బయట నిచ్చెన మీద నిలబడి తాడుతో బుట్ట వదిలితే నేను నింపేదాన్ని. అంతా అయ్యాక నా చెయ్యి పట్టి పైకి గుంజేవాడు.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు, అమ్మ కూలికి కోతకు పోయి, బాపు చెలకలో ఉన్న ఒక పగటి పూట మేమిద్దరమే ఆ పనికి దిగాం. అన్న నొసటి మీద నేను కొట్టిన రాయి దెబ్బ ఇంకా పక్కు కట్టి ఉంది. సగం జొన్నలు ఎత్తేసరికి నాకు దమ్ము ఆడక, పైకి తియ్యమన్నాను. వాడు నా కుడి చెయ్యి పట్టి సగం దాకా గుంజి ఆపాడు.

"తప్పయిందను."

"అనను. నువ్వు నా జడ గుంజలేదా?"

"అనవా?"

"అనను పో."

గాలిలో వేలాడుతూ కూడా అంత పొగరు నాకు. వాడు వదిలేశాడు. చెయ్యి కింద పడింది, దాని మీద నేను పడ్డాను. మోచేతిలో ఏదో పక్కకు జరిగినట్టయింది. నా అరుపుకు వాడు ఒకసారి తొంగి చూశాడు. తర్వాత మూతి మీద గంప బోర్లించి పారిపోయాడు. ఆ గంప ఎందుకు పెట్టాడో ఈనాటికీ నాకు తెలియదు.

లోపల చీకటి. అరిస్తే జొన్న దుమ్ము గొంతులో పడి దగ్గు. మెడ మీద పురుగులు పాకుతున్నాయి, దులుపుకుందామంటే చెయ్యి లేవదు. కాలితో తంతే గుమ్మి మొత్తం ఊగింది, పగిలితే అమ్మ ఊరుకోదని అదీ మానేశాను. ఇక్కడే చస్తానేమో అని భయపడ్డాను. కానీ భయం కంటే గట్టిగా ఒక ఆశ పట్టుకుంది. బాపు వస్తాడు, నా చెయ్యి చూస్తాడు, ఈసారి మాత్రం వాణ్ని పిలిచి అడుగుతాడు. కొట్టక్కర్లేదు. ఎందుకు చేసినవ్ రా అని ఒక్క మాట అడిగితే చాలు. ఆ మాట వినడానికే ఏడుపు ఆపుకుని కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకు గంప లేచింది. బాపు ముఖం కనబడింది.

"ఏం బిడ్డా, గుమ్మిల కాపురం పెట్టినవా?"

"అన్న ఇడిసిపెట్టిండు బాపూ. చెయ్యి లేస్తలేదు."

"లేస్తది తీ. ఎట్లయినా లోపట్నే ఉన్నవ్ గద, ఆ అడుగు జొన్నలు జర బుట్టల పొయ్యి. మల్ల దిగుడెందుకు?"

బుట్ట కిందికి వచ్చింది. ఎడమ చేత్తో జొన్నలు ఎత్తి పోశాను. ఇంకేం చెయ్యను, పైకి తీసేది ఆయనే కదా. అంతా అయ్యాక ఆ మంచి చెయ్యి పట్టుకుని బయటికి తీశాడు. అప్పుడు మోచెయ్యి చూసి, "కీలు తప్పింది, అంతే" అన్నాడు. చిట్యాల దవాఖానకు తీసుకుపొమ్మని, కోత నుంచి వచ్చిన అమ్మ మొత్తుకుంటున్నా వినకుండా పక్క ఊళ్లో కట్లు కట్టే ముసలాయన దగ్గరికి భుజాన వేసుకుని పోయాడు. ఎట్ల తాకిందని ముసలాయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాపు, "పిల్లలు గద, ఆడుకుంటాంటే పడ్డది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికి వచ్చేసరికి అన్న జొన్న గటక తింటున్నాడు. బాపు కాళ్లు కడుక్కుని వాడి పక్కనే కూర్చుని తిన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా సాగలేదు, వంకరగానే నిలిచిపోయింది.

మరుసటి ఏడు కోతలు దగ్గరపడ్డాయి.

"బిడ్డా, గుమ్మి ఊడ్వాలె, దిగు" అన్నాడు బాపు.

"నేను దిగ."

"నువ్వు దిగకుంటే ఎవలు దిగుతరు? నీ అంత సన్నగ ఎవలున్నరు?"

నవ్వుతూనే అన్నాడు. కొట్టే తండ్రి అయితే ఎదురు తిరిగేదాన్ని. నవ్వే తండ్రితో ఎట్లా కొట్లాడాలో నాకు తెలియలేదు. దిగాను. జొన్నలు ఎత్తాను, ఊడ్చాను. మూతి దగ్గర అన్న తల కనబడింది.

"బాపూ, నువ్వు గుంజు" అని అరిచాను.

"అన్న ఉన్నడు గద" అన్నాడు వాకిట్లోంచి.

అన్న చెయ్యి కిందికి చాపి ఉంచాడు. నేను ఆ చేతిని చూశాను. తర్వాత నా మంచి చెయ్యి వీపు వెనక దాచుకుని, వంకర చెయ్యి పైకెత్తాను.