ఎగువ చేను

గోదావరి జిల్లాల వాళ్ళ మర్యాదను ఎవరైనా పొగిడితే నాకు సిగ్గేస్తుంది. మా ఇంట్లో ఆ మర్యాద ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. చేను గట్టు మీద పుట్టింది.

ద్రాక్షారామం దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. మా చేనుకి కాలువ నీళ్ళు నేరుగా రావు, ఎగువ చేనులోంచి రావాలి. ఆ చేను ఆయన గట్టుకి మడవ తెంపి, ఆ గండిలోంచి నీళ్ళు వదిలితేనే మా వరి తడిసేది. అందుకని ఆయనతో మాట్లాడేటప్పుడు నాన్న భుజం మీది తువ్వాలు చేతిలోకి వచ్చేది. ఆయన నాన్నకంటే చిన్నవాడు. అయినా నాన్న "బావగారూ, రేపు మా వైపు కాస్త వదులుతారాండి" అని అడిగేవాడు. ఆయన "చూద్దాంలెండి" అనేవాడు. మా వైపు ఎవరూ కాదని ముఖం మీద చెప్పరు. రేపు ఎవరి గట్టు మీద నిలబడాల్సి వస్తుందో ఎవరికి తెలుసు?

క్యారేజీ పట్టుకుని పొలం వెళ్ళినప్పుడల్లా ఆ తువ్వాలు చూసి నాకు తల కొట్టేసినట్టుండేది. రామచంద్రపురం కాలేజీలో నా పక్కన మెట్ట ప్రాంతం అమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్న వానకి తప్ప ఎవరికీ దండం పెట్టడని గొప్పగా చెప్పేది. వాన ఎవరి చేలో వాళ్ళకి పడుతుంది మరి. ఆ పిల్ల ఏదైనా కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడేది. నాకు కుళ్ళుగా ఉండేది.

ఏటా మా పెరట్లో పొట్టుకూరకి పనికొచ్చే మొదటి లేత పనసకాయ ఎగువ చేను వాళ్ళింటికే వెళ్ళేది. వాళ్ళింటి నుంచి మాకు కొత్తావకాయ వచ్చేది. ఆ ఇంటావిడ నన్ను కూర్చోబెట్టి జడలో పూలు పెట్టేది. ఇందులో నీళ్ళ కోసం ఎంత, ప్రేమ ఎంత అని ఎవరూ విడదీసి చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు.

తొంభైల చివర్లో నాన్న బోరు వేయించాడు. మోటారు తిరిగిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. నాన్న తువ్వాలు ఇక భుజం మీదే ఉండిపోయింది. అక్కర్లేదు కదా అని మడవలో మట్టి వేసి తొక్కేశాడు. ఆ ఏడు పనసకాయ వాళ్ళింటికి వెళ్ళలేదు. పంపొద్దని ఎవరూ అనలేదు, గుర్తు రాలేదంతే. కూతురి పెళ్ళికి పిలవడానికి ఆయన వస్తే నాన్న కుర్చీలోంచి లేవకుండా "చూద్దాంలెండి" అన్నాడు. నేను తలుపు చాటున నవ్వుకున్నాను. పెళ్ళికి మేం వెళ్ళలేదు.

మరుసటేడు దాళ్వాలో, రెండో పంటకి, బోరు నీళ్ళు ఉప్పెక్కాయి. అప్పటికి వరి పొట్ట మీదుంది, ఇవాళో రేపో వెన్ను తీస్తుంది. కాలువకి వంతులు పెట్టారు. మా చేలో ఆకు కొసలు మాడిపోతున్నాయి. ఆ పంట పోతే నా చదువు ఆగిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న ఎగువ గట్టు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. అడగడానికి మొహం చెల్లలేదు. చివరికి అమ్మ ఒక లేత పనసకాయ కోయించి నా చంకకెత్తింది. ఆడపిల్లని కాబట్టి నన్ను ఏమీ అనరంది.

ఆ కాయ ఎందుకు వెళ్తోందో దారిలో అరుగుల మీద కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు. జిగురు కారి నా ఓణీకి అంటుకుంది. ఆవిడ కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. కాయ వైపు మాత్రం చూడలేదు. ఆయన లోపల్నుంచి వచ్చి, ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు.

"పొద్దున్నే మడవ తెంపేశానమ్మా. ఈపాటికి మీ చేలో పారుతుంటాయి. ఆ కాయ పట్టుకెళ్ళిపో తల్లీ. నీళ్ళకి కాయలెందుకు?"

తిట్టినా బాగుండేది. మా వైపు మనిషి ఒకాయన నా ముఖం మీద కాదనడం అదే మొదలు. అదీ అమ్మా, తల్లీ అంటూనే. మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. కాయ మళ్ళీ చంకకెత్తుకుని అవే అరుగుల ముందు నుంచి వచ్చాను.

ఇంటికి వెళ్ళబుద్ధి కాక పొలం వెళ్ళాను. నాన్న మడవ పక్కన నిలబడి ఉన్నాడు. నీళ్ళు వస్తున్నాయి. నా చంకలో కాయ చూశాడు. కాసేపటికి ఎగువ గట్టు మీద ఆయన పార పట్టుకుని కనిపించాడు. నాన్న తువ్వాలు చేతిలోకి తీసుకుని ఓ అడుగు ముందుకేశాడు. ఆయన నీళ్ళు సరిగ్గా పారుతున్నాయో లేదో చూసుకుని, మా వైపు తలెత్తకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నీళ్ళు చేనంతా ఎక్కాయి. నాన్న తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.