సోకులేరు ఘాట్‌లో నేను బిగించిన బ్రేకు

నేను కొండలు చూద్దామని వెళ్ళలేదు. కోపంతో వెళ్ళాను. రాజమండ్రిలో జీపులు బాగుచేసే షెడ్డులో పని నాది. చదువు ఎనిమిదితో ఆగింది. బ్రేకుల పని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. విప్పి, పాడుచేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. అలాంటిది డ్రైవరు వీర్రాజు నెలలో మూడోసారి బండి తెచ్చి, షెడ్డులో అందరి ముందూ "ఘాట్‌లో పక్కకి లాగేస్తోందిరా అబ్బాయ్, ఇదేం బ్రేకురా?" అన్నాడు. మూడుసార్లూ నేనే చూశాను. గోదావరి గట్టు మీద నడిపితే గీత గీసినట్టు ఆగింది. "మీకు నడపడం రాక నా పని మీద పడతారేంటండి?" అనేశాను. ఓనరు గారు తగువు తెంచేశారు: "శనివారం ఆ బండిలో నువ్వూ వెళ్ళు. తప్పు నీదైతే సోమవారం పనిలోకి రాకు."

శనివారం ఉదయం అయిదున్నరకి బయల్దేరాం. వెనక సీట్లలో నలుగురు బ్యాంకు ఉద్యోగులు, రెండు గుడారాలు. వాళ్ళు సోకులేరు ఏటి ఒడ్డున ఒక రాత్రి ఉంటారు. జీపుకి రెండు రోజులకి రెండు వేల నాలుగు వందలు, డీజిలు వాళ్ళదే. గోకవరంలో ఇడ్లీ తిన్నాం. మీరూ అక్కడే తినేయండి, పైన హోటళ్ళు తక్కువ. రంపచోడవరం దాటితే సెల్‌ఫోన్‌కి సిగ్నలుండదు. తొమ్మిదికి మారేడుమిల్లి చేరాం. అంతవరకూ బండి బుద్ధిగానే ఉంది.

"చూశారా?" అన్నాను.

"ఎక్కడానికి బ్రేకెందుకురా? దిగనీ" అన్నాడు వీర్రాజు.

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాం. ఎన్ని మలుపులో లెక్కపెట్టడం మానేశాను. రెండు పక్కలా వెదురు, కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు. ఒక మలుపులో బ్రేకు తొక్కగానే బండి కుడివైపుకి, లోయకేసి లాగింది. వెనక ఎవరో కేక వేశారు. వీర్రాజు గేరు తగ్గించి, స్టీరింగు ఎడమకి తిప్పి, బండిని కొండ పక్కన మట్టిలోకి దింపి ఆపాడు. అప్పటికే కాలిన వాసన వస్తోంది.

దిగి, సీసాలోంచి అరచేతిలోకి నీళ్ళు తీసుకుని ఒక్కో చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము మీద నాలుగు చుక్కలు చల్లాడు. మూడు చక్రాల మీద నీళ్ళు జారిపోయాయి. ముందు ఎడమ చక్రం మీద చుయ్యిమని ఆవిరి లేచింది. ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ చక్రానికి బ్రేకు నేను మరీ బిగించాను. అది దారంతా రాసుకుంటూ వచ్చి, వేడెక్కి, పట్టు పోగొట్టుకుంది. పట్టున్న రెండో వైపుకి బండి లాగింది. గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిపితే అది బయటపడదు.

"ఏమైందండీ?" అని ఒక బ్యాంకాయన అడిగారు.

"ఏం లేదండి, కాస్త వేడెక్కింది. ఓ అరగంట కొండ చూసుకోండి" అన్నాడు వీర్రాజు. నా వైపు చూడను కూడా చూడలేదు. తిట్టినా బాగుండేది. డ్రమ్ము చల్లారాక జాకీ ఎత్తి బ్రేకు వదులు చేశాను. ఆ తర్వాత బండి తిన్నగా దిగింది.

ఒంటిగంటకి ఏటి ఒడ్డుకి చేరాం. మోకాలి లోతు నీళ్ళు, అడుగున గుండ్రాళ్ళు కనిపిస్తాయి. దగ్గర ఊరి నుంచి వచ్చిన వంటామె వెదురు బొంగుల్లో కోడి కూరుతోంది. కిలో నూట యాభై. సాయం చేద్దామని వెళ్తే గ్రీజు పట్టిన నా చేతులు చూసి "బాబూ, ఆ చేతులతో నా కోడి ముట్టుకోకు. ఒకసారి చచ్చింది, మళ్ళీ చస్తది" అంది. అందరూ నవ్వారు. వీర్రాజు కూడా.

సాయంత్రం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు అడిగాను. "తప్పు నాదని వాళ్ళకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"వాళ్ళు సెలవుకొచ్చార్రా, భయపెట్టడం ఎందుకు? మీ ఓనరుకీ నేను చెప్పను. రోడ్డు పాడని చెప్తాలే."

ఆ మాటకి ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ ఆ రాత్రి గుడారం బయట పడుకుని, ఏరు మోగుతుంటే, షెడ్డులో నేను వీర్రాజుని అన్న మాటే వినిపించింది. మా డెల్టా అంతా చదును. కాలవ గట్టే మాకు ఎత్తు. ఆగడం ఎలాగో అక్కడ నేర్చుకున్నాను. ఇరవై కిలోమీటర్లు ఆపుకుంటూ దిగడం ఏంటో చూడకుండానే, చూసినవాడికి పాఠం చెప్పాను. సోమవారం వీర్రాజు నోరు తెరవకముందే "తప్పు నాదేనండి, ఎడమ చక్రం మరీ బిగించాను" అని ఓనరు గారికి చెప్పేశాను. ఆయన గుమ్మంలో నిలబెట్టిన ఇంకో జీపు చూపించారు. "ఇదీ రేపు అటే వెళ్తోంది. బిగించు. బిగించాక నువ్వూ ఎక్కు."

వెళ్ళేవాళ్ళకి ఒకటే మాట. మారేడుమిల్లిలో టీకి ఆగినప్పుడు నాలుగు డ్రమ్ముల మీదా నాలుగేసి చుక్కలు చల్లండి, చెంబుతో పోస్తే పగులుతాయి. ఏ ఒక్కటి చుయ్యిమన్నా బండి కదపనివ్వకండి, నాలాంటివాడు పక్కనుండి "బాగానే ఉంది" అని ఎంత గట్టిగా అరిచినా సరే.